రెండు వేళ్లు చూపించిన మనిషి

రాజోలు ఆసుపత్రి రోడ్డులో మందుల షాపుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఆరడుగుల వెడల్పున్న సెల్‌ఫోన్ రిపేరు షాపు రేచల్‌ది. నిజానికి దాన్ని పెట్టింది ఆమె అన్న శ్యామ్ బాబు. అతను దోహా వెళ్లి నాలుగేళ్లయింది. వెళ్లేముందు రెండేళ్లపాటు చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. ఇప్పుడు బోర్డు మీద ఆవగింజలో సగం ఉన్న ముక్కని కూడా ఆమె చెయ్యి వణక్కుండా ఊడదీసి మళ్లీ అతికించగలదు. అయినా కొత్తగా వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసి, "అన్నయ్యగారు లేరాండీ?" అని అడుగుతూనే ఉంటారు. "నేనే చూస్తానండి, ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపడం రేచల్‌కి అలవాటైపోయింది.

ఆగస్టు నెల. మూడు రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. ఆ ఉదయం నుంచి వచ్చినవన్నీ తడిసిన ఫోన్లే. ఒకావిడ తన ఫోన్ని రెండ్రోజులు బియ్యం డబ్బాలో కప్పెట్టి, ఛార్జింగు పెట్టే కన్నంలో నూక ఇరుక్కుపోయాక తీసుకొచ్చింది.

"బియ్యంలో పెడితే లోపలి తడి ఆరదండి," అని రేచల్ సూదితో నూక తీస్తూ చెప్పింది. "ఈసారి తడిస్తే వెంటనే ఆఫ్ చేసేసి, ఛార్జింగు పెట్టకుండా తిన్నగా ఇలా వచ్చెయ్యండి. ఎంత తొందరగా వస్తే అంత మంచిది."

బయట రోడ్డు మీద ఒక ఆటో మైకు కట్టుకుని తిరుగుతోంది. ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలారనీ, లంకల్లో ఉన్నవాళ్లు గట్టుకి వచ్చెయ్యాలనీ, పశువుల్ని ఏటివైపు తోలవద్దనీ చెబుతోంది. ప్రతి వర్షాకాలం వినే మాటలే కాబట్టి రేచల్ తలెత్తి చూడలేదు.

పన్నెండు కావస్తుండగా ఆసుపత్రి నర్సు ఇందిర గొడుగు కూడా లేకుండా, కొంగు నెత్తిన వేసుకుని గబగబా వచ్చింది. ఇందిరకి యాభై ఏళ్లుంటాయి. ఆ వీధిలో అందరికీ తెలిసిన మనిషి. ఎప్పుడూ నిదానంగా ఉండే ఆవిడ ఆ రోజు ఆయాసపడుతోంది.

"అమ్మా రేచల్, చేతిలో ఏ పనున్నా ఆపెయ్. ముందు దీని సంగతి చూడు," అంటూ పాలిథిన్ సంచి ఒకటి బల్ల మీద పెట్టింది.

సంచిలో ఉన్నది ఒకప్పుడు ఫోను. అద్దం సాలెగూడులా పగిలింది. నడుము దగ్గర వంగిపోయింది. ఒక పక్కన లోపలి బ్యాటరీ ఉబ్బి కనిపిస్తోంది.

"ఎవరిదండీ ఇది?"

"అదే తెలీడం లేదమ్మా. కాలవ గట్టు రోడ్డు మీద మోపెడ్ జారి పడిపోయేడంట. వన్ నాట్ ఎయిట్ వాళ్లు తీసుకొచ్చేరు. ముప్పై అయిదేళ్లుంటాయి. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. తలకి కుట్లేసేం. జేబులో కాయితం ముక్క కూడా లేదు. పేరు అడిగితే చెప్పడు, ఊరు అడిగితే చెప్పడు. తలకి దెబ్బ తగిలి ఇలా ఉన్నాడనుకున్నారు డాక్టరు గారు. ఇందాకా నా చేతిలోంచి స్టీలు ట్రే జారి కిందపడింది. వార్డంతా ఉలిక్కిపడింది, ఆయన మటుకు కదల్లేదు. అప్పుడు తెలిసింది నాకు. ఆయనకి వినపడదమ్మా. మాటా రాదు."

"రాయమనలేకపోయేరా?"

"కాయితం ఇస్తే పక్కన పడేసేడు. చదువుకోలేదనుకుంటాను. ఎడం చేత్తో ఏవో సైగలు చేస్తన్నాడు. ఇదిగో, ఇలా అరచెయ్యి అల్లాడించి, పీక దగ్గర పెట్టుకుంటాడు. దాహమేమో అని మంచినీళ్లిచ్చేం. గ్లాసు విసిరికొట్టేడు. రెండు వేళ్లు చూపిస్తాడు. రెండు వేళ్లంటే మనకి బళ్లో తెలిసిందొకటే కదా, దొడ్డికెళ్లాలేమో అని బెడ్ పాన్ తెచ్చేరు. దాన్నీ తన్నేసేడు. మంచం దిగి పారిపోబోతుంటే ఇద్దరు పట్టుకున్నారు."

ఇందిర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కుట్లేసినంతసేపూ ఈ ఫోను వదల్లేదు. నా కళ్లల్లోకి చూసి, దీన్ని చూపించి, మళ్లీ నా కళ్లల్లోకి చూస్తాడు. ముప్పై ఏళ్ల సర్వీసు నాది. ప్రాణభయంతో చూసేవాళ్లని చూసేను. ఆ చూపు తన కోసం కాదమ్మా, ఇంకెవరి కోసమో. చేతికి ఆపరేషన్ చెయ్యాలి, రెండున్నరకి కాకినాడ పంపించేస్తారు. ఈలోగా ఆయన మనుషులెవరో తెలిస్తే బావుంటుంది. పోలీసులకీ చెప్పేం, వాళ్లూ వెతుకుతున్నారు. నువ్వు చెయ్యగలవా?"

రేచల్ ఫోన్ని తిప్పి చూసింది. మామూలుగా అయితే ఇలాంటిది చూడగానే "ఇది అవదండి" అని చెప్పేసేది. ఇందిర ముఖం చూసి ఆ మాట అనలేకపోయింది.

"చూస్తానండి. మీరు ఆయన దగ్గరికెళ్లండి. ఆయన్ని ఎక్కడికీ కదలనివ్వకండి."

ఇందిర వెళ్లాక రేచల్ చేతిలో ఉన్న ఫోన్లన్నీ పక్కకి జరిపింది. ముందు సిమ్ తీసి తన ఫోనులో వేసింది. ఇంట్లోవాళ్లు వెతుకుతూ ఉంటే ఆ నంబరుకి ఫోను చెయ్యకపోరని ఆమె ఆశ. సిమ్ లో ఒక్క పేరు కూడా లేదు. రెండు నిమిషాలు చూసింది. డేటా అయిపోవస్తోందని కంపెనీ మెసేజి ఒకటి వచ్చింది తప్ప ఎవరూ మోగించలేదు. దాన్ని అలాగే వదిలి పనిలో పడింది.

వేడి గాలి పట్టి వెనక మూత తీసింది. వంగిన బ్యాటరీ ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేం. అందుకని ముందు దాన్నే ఊడదీసి, గుమ్మం బయట ఇసుక పోసిన కుండీలో పడేసింది. లోపల బోర్డు ఎలా ఉందో అని భయపడుతూ భూతద్దం కింద పెట్టి చూసింది. బోర్డుకి పైన మూలలో చిన్న గీత పడింది. అంతకు మించి ఏమీ లేదు. దెబ్బంతా అద్దం మీదా, కింద ఛార్జింగు పెట్టే చోటా తగిలింది.

అదే మోడల్ ఫోను ఒకటి ఆమె సొరుగులో ఉంది. బోర్డు చచ్చిపోయిందని ఎవరో వదిలేసి వెళ్లింది. దాని అద్దంలో నిలువుగా ఒక గీత పడినా, తాకితే పనిచేస్తుంది. ఆ అద్దాన్ని విప్పి ఈ బోర్డుకి తగిలించింది. బల్ల మీది కరెంటు మిషను తీగలు రెండూ పట్టించింది. స్విచ్ నొక్కే పట్టీ తెగిపోయి ఉంటే, పట్టకారు కొసతో రెండు చుక్కల్ని కలిపి చూసింది.

అద్దం మీద కంపెనీ పేరు వెలిగింది. నాలుగు సెకన్లు ఉండి ఆరిపోయింది. మళ్లీ కలిపింది. మళ్లీ నాలుగు సెకన్లే.

ఒక కుర్రాడు గుమ్మంలోకి వచ్చి ఛార్జరు ఉందా అని అడిగాడు. "తర్వాత రండి బాబూ" అంది తలెత్తకుండానే.

మిషను మీది అంకెలు గమనించింది. పేరు వెలగ్గానే కరెంటు ఒక్కసారి ఎగబాకి, అంతలోనే పడిపోతోంది. ఎక్కడో ఒకచోట కరెంటు కారిపోతోంది. బోర్డు మీద వేలు పెట్టి చూసింది. బోర్డు చల్లగానే ఉంది. కింద నలిగిపోయిన ఛార్జింగు ముక్క మీద వేలు పెడితే చురుక్కుమంది. "నువ్వా," అనుకుంది. దాని పట్టీని బోర్డు నుంచి ఊడదీసి, మళ్లీ పట్టకారు ఆనించింది.

కంపెనీ పేరు వెలిగింది. నాలుగు సెకన్లు అయ్యాయి, పది అయ్యాయి. తెర కాసేపు నల్లబడి, తర్వాత నిండుగా వెలిగింది. దాని మీద ముక్కుపుడక పెట్టుకుని నవ్వుతున్న ఒక ఆడమనిషి బొమ్మ వచ్చింది. ఆ నవ్వు మీద తొమ్మిది చుక్కలు ఉన్నాయి.

గీత గీస్తే తెరుచుకునే తాళం అది. ఏ చుక్క నుంచి ఏ చుక్కకో ఆయన ఒక్కడికే తెలుసు.

సొరుగులోని పాత ఫోను బ్యాటరీ తీసి చూస్తే అందులో కాస్త ప్రాణం ఉంది. దాన్ని తగిలించింది. విప్పిన బోర్డు, వేలాడే పట్టీలు, గీత పడిన అద్దం అన్నీ ఒకచోట నిలవాలి. తన టిఫిన్ డబ్బా ప్లాస్టిక్ మూత బోర్లించి, దాని మీద అన్నీ అమర్చి, రబ్బరు బ్యాండ్లు వేసింది. షట్టరు సగం దించి, మూతని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని, పైన రుమాలు కప్పి వానలోకి దిగింది. రోడ్డు దాటేటప్పుడు ఎదురొచ్చిన బస్సు డ్రైవరు ఆమె నడక చూసి బండి ఆపేశాడు.

వార్డులో ఆ మనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు. తలకి కట్టు, కుడిచేతికి బద్దల కట్టు. ఆసుపత్రి పనివాడు ఒకడు భుజం మీద చెయ్యి వేసి ఆపుతున్నాడు. రేచల్ వచ్చి రుమాలు తీసి, వెలుగుతున్న తెర అతని ముందు పెట్టింది.

అతను ఒక్క క్షణం దాన్ని చూసి, ఆమె ముఖం చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడమ బొటనవేలు చుక్కల మీద పెట్టాడు. అలవాటు లేని చెయ్యి కావడంతో గీత తప్పింది. రెండోసారీ తప్పింది. ఇందిర అతని వీపు మీద చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరింది. అతను కళ్లు మూసుకుని, గాలిలో ఒకసారి గీసి చూసుకుని, మళ్లీ తెర మీద గీశాడు. తాళం తెరుచుకుంది.

ఎవరికో వీడియో కాల్ చేస్తాడనుకున్నారు వాళ్లు. అతను మాత్రం ఫొటోలు తెరిచాడు. అన్నిటికంటే పైనున్న ఫొటో మీద వేలు పెట్టి వాళ్లవైపు తిప్పాడు.

ఆ ఉదయం తీసిన ఫొటో అది. మబ్బు పట్టిన ఆకాశం కింద ఇసుక మేట. మనిషెత్తు గడ్డి. చీరలు ఎగదోపి, చేతుల్లో కొడవళ్లతో ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె తెర మీద నవ్విన ముక్కుపుడక మనిషి. రెండో ఆమె కాస్త పెద్దది. వాళ్ల వెనక ఇసుకలో సగం కూరుకుపోయి ఒక పక్కకి ఒరిగిన పాత ఇనప పంటు, ఎప్పుడో జనాన్ని ఏరు దాటించి పాడైపోయినది.

అతను ఆ ఇద్దర్నీ వేలితో తాకాడు. రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. అరచెయ్యి చాపి అలలా అల్లాడించాడు. ఆ చేతినే మోకాలి దగ్గర పెట్టి, నడుము దాకా ఎత్తి, గుండె దాకా ఎత్తి, పీక దగ్గర ఆపాడు.

ఇందిర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో నాయనా. ఏరు పెరుగుతోందని చెబుతున్నాడే! మనం మంచినీళ్లిచ్చేమే!"

గోదావరి మధ్యలో అలాంటి మేటలు ఒకటీ రెండూ కాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది నీరు కొన్నిటిని తినేసి కొత్తవి పోస్తుంది. ఇది ఎక్కడిదో రేచల్‌కి తెలియలేదు. తెర ఏ నిమిషాన ఆరిపోతుందో అని ముందు ఆ ఫొటోని తన ఫోనుతో ఫొటో తీసుకుంది. కిందటి నెల ఏటిగట్టు రేవులో ఇంజను పడవ నడిపే హరిబాబు తన ఫోను బాగుచేయించుకుని వెళ్లాడు. ఆయన నంబరు ఉంది. ఫొటో పంపించి, వెంటనే కాల్ చేసింది.

"హరిబాబు గారూ, నేనండి, సెల్ షాపు రేచల్‌ని. ఇప్పుడో ఫొటో పంపేను. చూడండి ఒక్కసారి."

"ఆయ్, చూస్తన్నానండి. ఇది పాతపంటు మేటండి. దిగువ పాయలో ఉంటది. ఏటండీ విశేషం?"

"అందులో ఉన్న ఇద్దరూ పొద్దున్న దిగేరండి. తీసుకురావాల్సినాయన ఇక్కడ ఆసుపత్రిలో ఉన్నాడు. మాటలు రావు. ఇంకా అక్కడే ఉన్నారని చెబుతున్నాడు."



"పది గంటలకే వరద ఎర్రనీరు తగిలిందండి అక్కడ," అన్నాడు హరిబాబు. "ఫోను పెట్టెయ్యండి. నేను బయల్దేరుతున్నాను."

ఇందిర తాసిల్దారు ఆఫీసుకి ఫోను చేసింది. వరద పనుల బోటు ఎగువ లంకల్లో జనాన్ని దాటిస్తోందనీ, దాన్ని కూడా కిందికి పంపుతామనీ చెప్పారు. డాక్టరు గారు వచ్చి ఫొటో చూసి, కాకినాడ బండిని ఒక గంట ఆగమన్నారు.

మంచం మీది మనిషికి ఇవన్నీ ఎలా చెప్పాలో తెలియలేదు. అతను వాళ్ల పెదవులు కదలడం మటుకు చూస్తున్నాడు. రేచల్ తన ఫోనులో హరిబాబు నంబరు దగ్గరున్న బొమ్మ తెరిచింది. పడవ చుక్కాని పట్టుకుని మీసం మెలేస్తూ తీయించుకున్న బొమ్మ. దాన్ని చూపించి, ఆ ఇద్దరు ఆడవాళ్ల ఫొటో చూపించి, చేత్తో పడవ వెళుతున్నట్టు చేసింది. ఆ చేతిని మళ్లీ వెనక్కి తెచ్చింది.

అతనికి అర్థమైంది. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ తర్వాత వదల్లేదు. రేచల్ అలాగే మంచం అంచున కూర్చుండిపోయింది. వార్డు కిటికీలోంచి వాన కనిపిస్తోంది. అతను ఆ వాననే చూస్తున్నాడు. రేచల్ మనసులోనే ప్రార్థన చేసుకుంది. మాటలు కుదరక, "ప్రభువా, ఇద్దరూ, ఇద్దరూ" అనే అనుకుంది.

నలభై నిమిషాలయ్యాక ఫోను మోగింది. ఎత్తితే గాలి చప్పుడు, ఇంజను చప్పుడు. మాట తెగిపోయింది. ఇందిర గోడ పట్టుకుని నిలబడింది. మళ్లీ మోగింది. ఈసారి వీడియో. తెర నిండా ఎర్రటి నీళ్లు ఊగాయి. తర్వాత వానలో తడిసిన హరిబాబు మీసం కనిపించింది.

"ఉన్నారండీ! ఇద్దరూ ఉన్నారండీ! పంటు మీద కూర్చున్నారు. ఎక్కించుకున్నాం!"

రేచల్ గబుక్కున ఫోన్ని మంచం మీది మనిషి వైపు తిప్పింది. అవతల హరిబాబు కూడా ఫోను తిప్పినట్టున్నాడు. పడవ అడుగున ముడుచుకు కూర్చుని, తల మీద పట్టా కప్పుకుని వణుకుతున్న ముక్కుపుడక మనిషి కనిపించింది. ఆమె తెరలోకి చూసింది. భర్త తలకి కట్టు చూసింది. కొడవలి కింద పడేసి రెండు చేతులూ ఎత్తి గబగబా సైగలు చెయ్యడం మొదలుపెట్టింది.

ఇతను ఒంటిచేత్తో జవాబిచ్చాడు. ఆమె తన తల తాకి, చెయ్యి తాకి అడిగింది. అతను ఏమీ లేదన్నట్టు ఊపాడు. ఆమె నమ్మలేదు. మళ్లీ అడిగింది. అతను విరిగిన చెయ్యి చూపించి, ఎడం చేతిని కొబ్బరిమట్టలా వంచి చూపించి, నవ్వాడు. ఆమె ఒక్కసారి ఏడ్చేసి, అంతలోనే వేలు చూపించి గట్టిగా ఏదో అంది. తిడుతోందని వార్డులో అందరికీ అర్థమైంది. అతను ఆ తిట్లన్నీ తలవంచుకుని, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ చూశాడు.

పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న ముసలాయన, "ఇంకేం, బతికేసేడు," అన్నాడు. వార్డంతా ఒక్కసారిగా నవ్వింది. ఇందిర ముఖం అటు తిప్పుకుని చాలాసేపు ముక్కు ఎగబీల్చింది.

మూడున్నరకి ఆ ఇద్దరూ హరిబాబుతో కలిసి ఆటోలో ఆసుపత్రికి వచ్చారు. ముక్కుపుడక ఆమె పేరు నాగదుర్గ. మంచం మీది మనిషి ఆమె భర్త రాఘవులు. పెద్దామె నాగదుర్గ పిన్ని అమ్మాజీ. వాళ్లది అంతర్వేది పక్క ఊరు. రెండేళ్లుగా ఇటు ఏటిగట్టు మీద పాక వేసుకుని గేదెల్ని మేపుకుంటున్నారు. పొడి చీరలు ఇచ్చి, వేడి టీ తాగించాక నాగదుర్గ జరిగింది చెప్పింది.

"తెల్లారగానే మమ్మల్ని పడవలో మేట మీద దింపేడండి. గడ్డి కోసుకుని తొమ్మిదింటికి తిరిగి రావాలి. పాలు పోసి వస్తానని గట్టుకెళ్లేడు. వరదని అప్పటికింకా ఎవరూ చెప్పలేదండి. తిరిగొచ్చే టయానికి పడవ ఇంజను ఆడలేదంట, ఏదో ముక్క ఇరిగిపోయిందంట. మా రేవులో మిగతా పడవలన్నీ పైలంకలకి పోయేయి. ముక్క కొనుక్కొద్దామని పక్కింటోళ్ల మోపెడ్ తీసుకుని రాజోలు బయల్దేరేడు. అంతేనండి."

"మరి మీరేం చేసేరమ్మా?" అని అడిగింది ఇందిర.

"నీళ్లు ఎర్రగా తిరగ్గానే మా పిన్ని గుర్తుపట్టిందండి. గడ్డిమోపులన్నీ పంటు మీదకి ఎగదోసేం. ఆటి మీద కూర్చున్నాం. చూస్తుండగానే మేటంతా మునిగిపోయింది. పంటు మీదకీ ఎక్కింది. మోకాళ్ల దాకా వచ్చేసిందండి. ఇంకో గంట అయితే..."

"ఎందుకే ఇప్పుడా మాట? టీ తాగు," అంది అమ్మాజీ దగ్గుతూ.

రాఘవులు వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాడు. అప్పటిదాకా మంచం దిగుతానని పెనుగులాడినవాడు, ఇప్పుడు స్ట్రెచరు తీసుకొస్తే తనే ఎక్కాడు. కాకినాడ బండిలో నాగదుర్గ అతని పక్కన కూర్చుంది. అమ్మాజీ గేదెల్ని చూసుకోవడానికి పాకకి బయల్దేరింది. బండి తలుపు వేసేముందు ఆమె రేచల్ చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయింది. "ఎల్లొస్తామండి," అని మటుకు అంది.

బండి మలుపు తిరిగాక హరిబాబు తడి తువ్వాలు పిండుకుంటూ, "అమ్మాయిగారూ, మీరు ఇంకో నిమిషం ఆలస్యం చేసుంటే నేనూ పైలంకలకి పోయేవోణ్ణండి. తాడు విప్పుతుంటేనే మీ ఫోనొచ్చింది," అన్నాడు. రేచల్ అప్పుడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. పొద్దున్నించి ఏమీ తినలేదని గుర్తొచ్చింది. ఇందిర తన క్యారేజీ తెచ్చి, ఇద్దరికీ పులిహోర పెట్టింది. ముగ్గురూ మెట్ల మీదే కూర్చుని, వాన వెలిసిన రోడ్డు చూస్తూ తిన్నారు. అందరికీ ఆకలి బాగా వేసింది.

పన్నెండు రోజుల తర్వాత రాఘవులు, నాగదుర్గ షాపుకి వచ్చారు. అతని కుడిచెయ్యి మెడకి కట్టిన గుడ్డలో ఉంది. తల మీద కుట్లు విప్పేశారు. ఈలోపల రేచల్ ఆ ఫోనుకి కొత్త బ్యాటరీ, కొత్త అద్దం, ఛార్జింగు ముక్క వేసి, వంగిన చట్రం మార్చింది. తెర మీద గట్టి అద్దం ఇంకోటి అతికించింది. ఇప్పుడు వాళ్ల కళ్ల ముందే పట్టకారుతో సిమ్ పెట్టి, మూలలు ఎత్తుగా ఉన్న రబ్బరు పౌచ్ తొడిగింది.

"పౌచ్ మూలలు ఎత్తుగా ఉండేదే తీసుకోండి ఎప్పుడూ," అని నాగదుర్గకి చెప్పింది. "బోర్లా పడినా ముందు రబ్బరు తగులుతుంది, అద్దం తగలదు. ప్యాంటు జేబులో పెట్టుకుని బండి నడపొద్దని చెప్పండి ఆయనకి. ఏట్లోకి వెళ్లేటప్పుడు దీంట్లో పెట్టుకోమనండి."

నీళ్లు దూరని ప్లాస్టిక్ సంచి ఒకటి తీసింది. పైన బిగించే పట్టీ, మెడలో వేసుకునే తాడు ఉన్నాయి. "ఫోను పెట్టే ముందు ఒకసారి కాయితం ముక్క పెట్టి నీళ్లలో ముంచి చూసుకోవాలండి. కాయితం తడవకపోతే..."

నాగదుర్గ సైగల్లో చెప్పేలోపే రాఘవులు ఆ సంచి అందుకుని, అందులో ఫోను పెట్టి, పళ్లతో పట్టీ బిగించాడు. గుమ్మం దగ్గర చూరు నీళ్లు పడే బకెట్లో ముంచేశాడు.

"అయ్యయ్యో!" అని రేచల్ లేచి నిలబడింది.

అతను తీరిగ్గా పైకి తీసి, చొక్కాతో తుడిచి చూపించాడు. లోపల ఫోను పొడిగా ఉంది. రేచల్ ముఖం చూసి అతను నవ్వాడు. మాట రాని గొంతులోంచి వచ్చిన ఆ నవ్వు కాస్త వింతగా, పెద్దగా ఉంది. జిరాక్సు షాపాయన తొంగిచూశాడు. రేచల్‌కీ నవ్వాగలేదు.

"కాయితం ఎందుకని అంటన్నాడండి," అంది నాగదుర్గ. "మీరు ఇచ్చింది కారదంట."

సంచిని మెడలో వేసుకుని, చొక్కా లోపలికి దోపుకున్నాడు. బస్సు వస్తోందని నాగదుర్గ తొందరపెట్టింది. రోడ్డు దాటుతూ అతను ఆగి, వెనక్కి తిరిగి రేచల్ వైపు చూశాడు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా చేర్చి కంటి ముందు పెట్టుకుని, ఏదో గిల్లి తీస్తున్నట్టు చేశాడు.

"ఏమంటున్నారండీ?" అని రేచల్ గట్టిగా అడిగింది.

నాగదుర్గ బస్సు దగ్గరి నుంచే అరిచి చెప్పింది. "మీ పేరండి అది! ఆయనకి పేర్లు పలకడం రాదు కదండీ. అందరికీ ఒక్కో గుర్తు పెట్టుకుంటాడు. నాకు ముక్కుపుడక. మా పిన్నికి దగ్గు. హరిబాబు గారికి మీసం. మీకేమో ఇదండి, పట్టకారు!"

బస్సు వాళ్లని ఎక్కించుకుని కదిలింది. కిటికీలోంచి రాఘవులు మళ్లీ ఆమెని ఆ పేరుతో పిలిచాడు. రేచల్ గుమ్మంలో నిలబడి, రెండు వేళ్లూ కంటి ముందు చేర్చి, తన పేరు తనే ఒకసారి పలికి చూసుకుంది.